సియెనాలో నువ్వు మెచ్చిన హోటలు

అస్సుంతా, నేను క్షేమం, సియెనా చేరాను. నిరుడు చర్చివాళ్లతో వచ్చి నువ్వు దిగిన హోటల్లోనే దిగాను. నువ్వు చెప్పినట్టే పెద్ద చౌకుకు దగ్గర, అద్దె మితం, వంక పెట్టడానికి లేదు. యజమాని ఉల్డెరీకో నా గుర్తింపు కార్డులో ఊరు చూసి, "మీ ఊరి అస్సుంతాగారిని ఎరుగుదురా పెద్దాయనా? పొద్దున కాఫీ దగ్గర ఆవిడ నవ్వితే గదంతా నవ్వేది" అన్నాడు. నువ్వు పుట్టింటి పేరే రాస్తావు కాబట్టి నేను మొగుణ్ణని వాడికి తెలియలేదు. ఎరగనన్నాను.

ఫ్లారెన్సులో నువ్వు చెప్పిన హోటలు నాకొద్దు, దూరమైనా నేనే వెతుక్కుంటాను. నీ కాలి కట్టు విప్పారా? టమాటాలకు కర్రలు పాతించు.

ఇన్నేళ్లుగా నీ ఎదుట కూర్చుని నేనూ కాఫీ తాగుతున్నాను, ఆ నవ్వు ఎప్పుడూ వినలేదు. ఆదివారం పొద్దున కాఫీ వేళకు ఇంట్లో ఉంటాను. మేరీమాత నిన్ను చల్లగా చూడాలి.

నీ మొగుడు,
నున్సియో