తట్టలు దించిన పూట

ప్రియమైన తమ్ముడికి,

మీ అక్క చెప్పి రాయిస్తున్నది. రాసేది కింది వాటాలో మిషను కుట్టే ఆవిడ. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో తీపి కలపకూడదు అని ముందే ఒప్పందం చేసుకున్నాం.

నా మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడక్కు. ఉన్నాయి, అంతే. నీ ఉబ్బసం ఎలా ఉందో, నీ కోడలు వేళకి తిండి పెడుతోందో లేదో రాయి. ఇక అసలు సంగతి.

మనం కట్టిన వంతెన దగ్గర బోర్డు పెట్టారు. పాతబడిపోయిందట, బరువు మొయ్యలేదట. బస్సు వంతెన మొదట్లో ఆగుతుంది. అందరం దిగాలి. ఖాళీ బస్సు ముందు మెల్లగా పోతుంది, దాని వెనకాల మేమంతా శవం వెంట పోయినట్టు తలలు వంచుకుని నడవాలి. అవతల మళ్ళీ ఎక్కాలి. ఎండ లేదు, వాన లేదు, రోజుకు రెండుసార్లు ఇదే తంతు. ఆ వంతెన ఎంత పొడుగో కట్టిన రోజుల్లో నాకు తెలీలేదు. ఇప్పుడు అడుగడుగూ తెలుస్తోంది.

నేను ఎందుకు పోతానో నీకు తెలుసు. నీ మేనకోడలికి పక్షవాతం వచ్చి, అవతలి ఒడ్డున హోమ్‌లో చేర్చి రెండేళ్ళయింది. కుడిపక్క కదలదు. ఆయాలు పెడితే నోరు తెరవదు. నేను పోయి ముద్ద పెడితేనే తింటుంది. ఆ మొండితనం ఎవరి పోలికో నువ్వు చెప్పక్కర్లేదు. బస్సు రాని రోజు దానికి పస్తే.

ఇప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు సభ పెడుతున్నారు. ఉన్న డబ్బు ఒక్కదానికే వస్తుందట. వంతెన బాగుచెయ్యాలా, కొత్త బస్సులు కొనాలా అని ఊరిని అడుగుతారట. ఊరు రెండుగా చీలింది. కొట్ల వాళ్ళంతా వంతెన వైపు. సరుకు లారీలు రావాలి కదా వాళ్ళకి. మిల్లుకి పోయేవాళ్ళు, ఆస్పత్రికి పోయేవాళ్ళు, బడిపిల్లల తల్లులు బస్సు వైపు. ఈ వైపుకి నోరు ఎవరని అడుగుతావేమో, ఇంకెవరు, నేనే. వంతెన బాగుచెయ్యాలంటే ఏడాదిన్నర మూసేస్తారట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఆ ఏడాదిన్నర నా కూతురు ఏం తింటుంది?

నీ దగ్గర్నుంచి నాకు కావలసింది ఒక్క కాగితం. ఆ వంతెనకి మేస్త్రిని నేను, ప్రతి పిల్లరూ నా కళ్ళ ముందు లేచింది, గట్టిది, నిండు బస్సుని మోస్తుంది అని రాసి సంతకం పెట్టు. ఇంజినీర్ల మాట అందరూ వింటున్నారు. కట్టినవాడి మాట ఎవడూ అడగలేదు. నేను అడుగుతున్నాను.

నీకంటే ఆరేళ్ళు ముందు పుట్టిన హక్కుతో,
అక్క
(వేలిముద్ర)


ప్రేమగల అక్కకి,

తమ్ముడు నమస్కరించి రాసేది. నీ ఉత్తరం అందింది. ఉబ్బసం ఈ వానలకి కాస్త ఎక్కువైంది. కోడలు బాగానే చూస్తోంది, ఆ పిల్ల మీద అనుమానం ఇకనైనా మానుకో. మేనకోడలి సంగతి చదివాక మనసు మనసులో లేదు.

కాగితం గురించి అడిగావు. నేను పని మానేసి పన్నెండేళ్ళు. నా మాటకి ఇప్పుడు ఏం విలువ ఉంటుంది? అంత పాత సంగతి ఎవరికి గుర్తు? వాళ్ళ దగ్గర యంత్రాలున్నాయి, చూడనీ.

దిగి నడవమంటే నడువు అక్కా. మోకాలికి పట్టీ కట్టుకో. అందరికంటే వెనకాల నెమ్మదిగా నడిచినా నిన్ను వదిలి బస్సు పోదు. బస్సులో కూర్చుని మాత్రం దాటకు.

ఇంతకంటే రాయలేను.

నీ తమ్ముడు


ముద్దుల తమ్ముడికి (ఈ ముద్దు ఈ ఒక్క ఉత్తరానికే),

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది. కాగితం అడిగితే మోకాలి పట్టీ చెప్తావా? నీళ్ళు నమలడం నీకెవరు నేర్పారు? కాస్త మర్యాదగా రాయమంటావా అని ఈవిడ అడిగింది. వద్దన్నాను.

మంగళవారం నేను బస్సు దిగలేదు.

దిగమ్మా అవ్వా అన్నాడు కండక్టరు. నువ్వు దిగు నాయనా, నేను నడుపుతాను అన్నాను. నా వెనక సీట్లలో మిల్లు అమ్మాయిలు ఒకటే నవ్వు. నవ్వి ఊరుకోలేదు, వాళ్ళూ దిగలేదు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు. డ్రైవరు ఇంజను ఆపేసి, కిందికి పోయి, మాకూ తనకీ సంబంధం లేనట్టు ఏరు చూస్తూ నిలబడ్డాడు. గంటన్నర. వెనకాల బళ్ళు సంతలోలాగా పేరుకుపోయాయి. బస్సుల ఇన్‌స్పెక్టరు వచ్చి మొదట బెదిరించాడు, తర్వాత బతిమాలాడు, చివరికి ఈ ఒక్కసారికి పోనివ్వండి అన్నాడు. నిండు బస్సు దాటింది. నడిమధ్యన కాస్త ఊగినట్టయింది, అంతే. ఏం కాలేదు. అవతల ఒడ్డు చేరగానే అందరూ చప్పట్లు కొట్టారు. పేపర్లో నా ఫొటో వేశారు, బుగ్గలు కందిరీగలు కుట్టినట్టు పడ్డాయి.

ఆ మర్నాడే చైర్మన్ మనింటికి వచ్చాడు. ఈవిడ మిషను స్టూలు మీద కూర్చుని, సభలో మీ మాటే నెగ్గేలా ఉంది, మీ తమ్ముడి కాగితం ఒక్కటుంటే దిగి నడిచే నియమం కూడా ఎత్తేస్తాం అన్నాడు.

మనం కూర్చుంటే వాళ్ళు కదలాల్సిందేరా. తట్టలు దించిన పూట నీకు గుర్తు లేదా? ఎవరో పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, గుడ్డ ఉయ్యాలలు కనపడకూడదు అని సూపర్‌వైజరు పసిపిల్లల్ని నీడలోంచి ఎండలోకి మార్పించాడు. మూడు నెలల నా కూతురు ఎండకి కమిలిపోతుంటే నేను కాంక్రీటు తట్ట కింద పెట్టాను. నలభై మంది ఆడవాళ్ళూ పెట్టారు. మర్నాడు పొద్దున రేకుల పందిరి వేసేదాకా ఒక్కతీ లేవలేదు. జీవితంలో నేను చేసిన పెద్ద పని అదొక్కటే. అలాంటిదాన్ని పట్టుకుని నడువు అక్కా అంటావా?

సభ వచ్చే శుక్రవారం. కాగితం అంతకు ముందే నా చేతిలో ఉండాలి.

ఇంకా కోపంగానే ఉన్న
అక్క
(వేలిముద్ర)


అక్కా,

నడిమధ్యన ఊగింది అని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి నాకు కూర్చోబుద్ధి కావట్లేదు, నిలబడబుద్ధి కావట్లేదు. వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాను. కోడలు ఏమైందని అడుగుతోంది.

నువ్వు తట్టలు దించింది మూడో పిల్లరు దగ్గర. అప్పటికి సగం పోశాం. పిల్లరు పోసేటప్పుడు ఆపకూడదు. ఆపితే కింద పోసింది గట్టిపడుతుంది, పైన పోసింది దానికి అతుక్కోదు. ఆగినా విరుగుడు లేకపోలేదు. గట్టిపడ్డ పైపొరని ఉలితో చెక్కి, కడిగి, సిమెంటు పాలు పోసి అప్పుడు మొదలుపెట్టాలి. ఒక రోజు పని. చెక్కిస్తానని నేను కాంట్రాక్టరుకి చెప్పాను. ఒక రోజు మీ అక్క తినేసింది, ఇంకో రోజు నువ్వు తింటావా అన్నాడు. ఎందుకు ఆలస్యమైందో పైకి రాసి ఆ నలభై మందినీ పంపించెయ్యమంటావా అని అడిగాడు. నేను నోరు మూసుకుని పోయించాను. తర్వాత అతుకు కనపడకుండా చుట్టూ పూత పూసిందీ నేనే. ఇంకొకడికి చెప్తే బయటపడుతుందని నా చేతులతోనే పూశాను.

నలభై ఆరేళ్ళయింది. ఎన్నిసార్లు చెప్పబోయానో. కానీ ఆ పూట గురించి నువ్వు చెప్పేటప్పుడు నీ మొహం చూశాను కదా. పెళ్ళికి పోయినా అదే కథ, పరామర్శకి పోయినా అదే కథ. దాన్ని నీ దగ్గర్నుంచి లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు. పైగా వంతెన నిలబడింది. ఏటికేడు నిలబడుతుంటే నేనే పొరబడ్డానేమో అనుకున్నాను.

వాళ్ళ యంత్రాలు పైన రోడ్డుని చూస్తాయి. నీళ్ళలో నిలబడ్డ పిల్లరు నడుముని ఎవరు చూస్తారు?

నువ్వు అడిగిన కాగితం ఇందులోనే ఉంది. గట్టిది అని రాసి సంతకం పెట్టాను. మేనకోడలి నోటి దగ్గర ముద్దని నేను లాగేశానన్న మాట నాకొద్దు. ఏ కాగితం చదివిస్తావో నీ ఇష్టం. నాకు ధైర్యం లేదక్కా. ఇంటికి వచ్చిన ధైర్యమంతా ముందు పుట్టి నువ్వే తీసేసుకున్నావు.

తమ్ముడు


తమ్ముడూ,

చేతిరాత మారిందని కంగారుపడకు. హోమ్‌లో నర్సమ్మ రాస్తోంది. నేను అవతలి ఒడ్డున ఉన్నాను, ఎందుకో చెప్తాను.

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున వచ్చింది, సభ రోజే. కుట్టే ఆవిడ చదువుతూ చదువుతూ ఆగిపోయింది. చదవమన్నాను. అంతా అయ్యాక ఆవిడ నీ సంతకం కాగితం చేతిలో పట్టుకుని, ఇదొక్కటే తీసుకెళ్దామా అంది. చెడ్డది కాదు. నా కూతుర్ని చూసింది కాబట్టి అంది.

అబద్ధం ఎందుకు, సభలోకి పోయేదాకా రెండు కాగితాలూ నా రొండినే ఉన్నాయి.

ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, తర్వాత గంట కొడతారట. కొట్ల సంఘం ఆయన లేచి, బస్సుల వాళ్ళు ఊరిని ఏట్లో కలుపుతారన్నాడు. మిల్లు అమ్మాయిలు ఈలలు వేశారు. చైర్మన్ నన్ను చూపించి వంతెన కట్టిన చేతులివి అన్నాడు. హాలంతా చప్పట్లు. మంగళవారం నా మాట విని బస్సులో కూర్చున్న అమ్మాయిలందరూ ముందు వరసలో ఉన్నారు. ఒకత్తె ఆరోజు ఒళ్ళో బిడ్డతో కూర్చుంది. అప్పుడు నేను చూసుకోలేదు. చప్పట్లు కొట్టడానికి ఆ బిడ్డని పక్కావిడకి అందిస్తుంటే ఇప్పుడు చూశాను.

"మూడో పిల్లరు నడుము దగ్గర అతుక్కోలేదు, పూత పూసి దాచారు" అన్నాను. "పని ఆపించింది నేను. చెక్కకుండా పోయించింది కాంట్రాక్టరు. పూసింది నా తమ్ముడు. వెళ్ళి గీకి చూడండి. చూసేదాకా బస్సు కాదు కదా, సైకిలు కూడా పోనివ్వకండి."

గంట కొట్టాల్సినవాడు కొట్టడం మర్చిపోయాడు. మనవైపు నుంచి ఒకడు ముసలిది అమ్ముడుపోయింది అని అరిచాడు. మంగళవారం నాకు మంచినీళ్ళు అందించినవాడే. కొట్ల వాళ్ళు చప్పట్లు మొదలుపెడితే వాళ్ళవైపు తిరిగి, మీకోసం చెప్పలేదు, కూర్చోండి అన్నాను. నీ ఉత్తరం ఇంజినీరు చేతిలో పెట్టాను. రెండోది చింపేశాను.

నీ పేరు చెప్పాను. నిన్ను అడగలేదు. కోపం వస్తే రానీ.

శనివారం ఇంజినీరు పడవేసుకుని పోయి పూత చెక్కించాడు. పెళ్ళలు పెళ్ళలుగా ఊడిందట. లోపల ఇనుము తుప్పుపట్టి, అతుకు దగ్గర నాలుగు వేళ్ళు దూరేంత సందు ఉందట. గంటలో వంతెన మూసేశారు. నేను ఏటికి దిగువన ఎక్కడో దూరాన ఉన్న ఇంకో వంతెన మీదుగా మూడు బస్సులు మారి, సగం రోజు ప్రయాణం చేసి ఇక్కడికి చేరాను. అప్పటికి నీ మేనకోడలు రెండు రోజులుగా మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. తిరిగి వెళ్ళడం నా వల్ల కాదన్నాను. స్టోర్‌రూమ్‌లో పడుకోనిస్తున్నారు, వంటింట్లో కూరలు తరిగి పెడుతున్నాను. ఇది నియమం కాదు, ఉత్తరంలో పెట్టొద్దంటోంది నర్సమ్మ. పెట్టించాను.

నీ ఉత్తరంలో ఒక మాట నాకు నచ్చలేదు. ఆ పూటని నా దగ్గర్నుంచి లాక్కోలేకపోయానన్నావు. దాన్ని ఎవడూ లాక్కోలేడు. తట్టలు దించడం తప్పు కాదు, చెక్కకుండా పొయ్యడం తప్పు. రెండూ కలిపి ముడేసింది కాంట్రాక్టరు. ఆ మూట ఇన్నేళ్ళూ ఒక్కడివే మోశావు, పిచ్చివాడా. ఒక్కమాట చెప్పి ఉంటే ఆనాడే ఉలి నేనే పట్టేదాన్ని. కానీ ఆ మంగళవారం మాత్రం నాది. దిగమని బోర్డు చెప్పింది, కండక్టరు చెప్పాడు, నువ్వు చెప్పావు. నేను బిడ్డతో సహా అందర్నీ కూర్చోబెట్టాను. కూరలు తరుగుతుంటే కూడా పీట ఊగుతున్నట్టే ఉంటోంది. ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను.

కూతురికి అంతా చెప్పాను. దాని ఉయ్యాల దగ్గర మొదలుపెట్టి, ఏదీ దాచలేదు. తల గోడకేసి తిప్పుకుంది. తర్వాత ఆ సగం నోటితో, "నీడ ఇచ్చారా?" అని అడిగింది. ఇచ్చారే, రేకుల పందిరి వేశారు అన్నాను. ఇటు తిరిగి నోరు తెరిచింది.

ఇప్పుడు కొత్త పేచీ పెట్టాను. వంతెన లేచేదాకా రెండు ఒడ్డుల మధ్య లాంచీ తిప్పమన్నాను. డబ్బు లేదంటారు. నడవడానికి దారే లేని బస్సులు కొనడం ఎందుకు, అదే డబ్బు లాంచీకి పెట్టండి అంటే, పరిశీలిస్తాం అంటున్నారు. వాళ్ళ ఆఫీసు ఈ ఒడ్డునే ఉంది, ఆ పరిశీలించే గది బయట బల్ల మీద వచ్చే సోమవారం నుంచి నేనుంటాను. మిల్లు అమ్మాయిలు కొందరు వస్తామన్నారు. కొందరు నా మొహం చూడటం లేదు.

అదే సోమవారం పిల్లరు మీద విచారణ. నీకు పిలుపు వస్తుంది. ఉబ్బసం ఉంది, రాలేను అని ఒక కాగితం రాసి పంపుదామనుకుంటావు, నిన్ను నేను ఎరగనా. ఈసారి సంతకం చాలదురా. మూడు బస్సులు మారాలి, మందు జేబులో పెట్టుకో, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చో. నువ్వే రా.

నీ పక్కన నిలబడటానికి ఎదురుచూస్తున్న
అక్క
(వేలిముద్ర)