మందుకి చెప్పకూడని మాట

శనివారం రాత్రి

ప్రభువా, నా రాత వంకరటింకర. తప్పులుంటే సర్దుకుని చదువుకో. వేళ్ళకి తైలం రాసుకుని కలం పట్టుకున్నాను, కాగితమంతా కర్పూరం వాసన.

ఇవాళ చొక్కా బొత్తాలు నేనే పెట్టుకున్నాను. వేళ్ళ కీళ్ళు వాచిన దగ్గర్నుంచీ కోడలే పెట్టేది. పాపం, ఎప్పుడూ విసుక్కోలేదు. నాకే సిగ్గేసి తలెత్తేవాణ్ణి కాదు. ఇవాళ నన్ను చూసి, "మామయ్యగారు పెళ్ళికొడుకైపోయేరండోయ్!" అని నవ్వింది.

ఇదంతా పక్కింటి సత్యవతమ్మగారి చలవ. వావిలాకు రసం కొబ్బరినూనెలో కాచి, కర్పూరం కలిపి ఇచ్చేరు. ఆ మాట చెబుదామని నాలుగు కొబ్బరికాయలు పట్టుకుని వెళ్ళేను. ఏమనాలో ముందే కూడబలుక్కున్నాను. నోరు తెరిచేనో లేదో, "ఆగండి అన్నయ్యగారూ! ఆకుమందు పుచ్చుకుని 'మీ మేలు మర్చిపోను' అంటే దాని గుణం పోద్దండి. నొప్పి తిరగబెడితే మళ్ళీ దంచాల్సింది నేనే. ఆ కాయలు కూడా పట్టుకెళ్ళిపోండి" అన్నారు. వాళ్ళమ్మగారి నాటి నుంచీ అదే పద్ధతట.

"ఆయ్" అనేసి వచ్చేసేను.

ఎన్నడూ మాటలు రాని నాకు ఇవాళే వచ్చేయి, ఇవాళే వద్దన్నారు. ఆవిడా పెద్దవారైపోతున్నారు. చెప్పకుండానే మా ఇద్దరిలో ఎవరో ఒకరం వెళ్ళిపోతే ఎలాగ...

అందుకే ఆవిడకి చెప్పాల్సింది నీకు చెబుతున్నాను, నువ్వు పుచ్చుకో. నీకు చెబితే మందు చెడదు కదా? కాస్త తొందరగా జవాబియ్యి ప్రభువా. రేపు చర్చికి ఆవిడ గుమ్మం ముందు నుంచే వెళ్ళాలి, బొత్తాలన్నీ పెట్టుకుని.