కొత్త కార్డుకు చప్పుడు లేదు

ఏవండీ,

మీ కంప్యూటర్‌కి కొన్న కొత్త గ్రాఫిక్స్ కార్డు తాలూకు అట్టలు భోజనాల బల్ల మీద వదిలేశారని నేను, తుడిచిన బల్ల మీద ఏం పెట్టినా తప్పేనా అని మీరు, పొద్దున్నే చిన్నపిల్లల్లా కీచులాడుకున్నాం. అట్టలు మడిచి అటక మీద పెట్టాను. వారంటీ కాగితం మీ సొరుగులో ఉంది. మా అక్కకి జ్వరం తగ్గలేదట, చూసి చీకటి పడేలోగా వచ్చేస్తాను. కూర వేడి చేసుకోండి, గిన్నె మాడ్చకండి.

పాత కార్డు అమ్మేస్తానన్నారు కదా, అమ్మేయండి. "నీ పోరు పడలేకే చప్పుడు లేనిది కొన్నాను" అన్నారు. నిజమే, దాని ఫ్యాన్ రొద మీద నేను సణగని రోజు లేదు. కానీ మీరు తలుపు వేసుకుని ఆడుకుంటుంటే, వంటింట్లో ఆ రొద వింటూ ఇంట్లో నేనొక్కదాన్నే లేనులే అనుకునేదాన్ని. నిన్న కొత్తది బిగించాక మీరు మేలుకుని ఉన్నారో, నిద్రపోయారో కూడా తెలియలేదు. రెండుసార్లు తలుపు దాకా వచ్చి, ఏమని పిలవాలో తోచక వెనక్కి వెళ్లిపోయాను.

భోజనాల దగ్గర చెబుదామంటే మీరు కంచం పట్టుకుని గదిలోకి వెళ్లిపోతారు. అందుకని ఇక్కడే చెబుతున్నాను. ఈ రాత్రి నుంచి నా కంచం కూడా ఆ గదిలోకే వస్తుంది. మీ పక్కన ఇంకో కుర్చీకి చోటు చూడండి.

ఇంకో మాట, కాగితం అంచున రాస్తున్నాను. ఆట మధ్యలో నాతో మాట్లాడనక్కర్లేదు. హెడ్‌ఫోన్లు మాత్రం తీసేసి ఆడండి, అక్కడ ఏం జరుగుతోందో నాకూ కాస్త వినపడనివ్వండి.