డిక్కీ మీది చెయ్యి

గుర్వమ్మకు,

కోపం ఉన్నా ఇది చదివించుకో. ఫోన్ చేస్తే ఎత్తవు, అందుకే కాయితం. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు, నీకు అవి కూడా రావు.

చుట్టాల ముందర “నీ తుప్పు బండిల నేనెక్క” అన్నావు. “ఎక్కకుంటే బస్సుకు పో” అన్నాను. నిజంగానే బస్సెక్కి షాద్‌నగర్‌లో బిడ్డ ఇంటికి పోతావని నాకేం ఎరుక? తుప్పు మీదనే కదా కోపమని మన అంబాసిడర్‌ను పాలమూరులో మల్లేష్ షెడ్డుకు ఇచ్చినాను. దసరాకు కొత్త రంగుతో వచ్చి నిన్ను తోలుకురావాలని. పాత రంగు గీకినాడు, సొట్టలు తీసినాడు. తలుపులు ఇప్పుడు ఒక్క చేత్తో పడుతున్నాయి. అంతా మంచిగనే నడిచి డిక్కీ దగ్గర ఆగింది.

అక్కడ నీ చెయ్యి ఉంది కదా. వెనుకట ఒక దసరా ముందు రంగు వేయించి, ఆరకముందే ఇంటికి తెచ్చినాను. తెల్లారి చూస్తే పసుపు చెయ్యి అద్ది ఉంది. నువ్వు గాక ఎవరు అద్దుతారు? ఆ గుర్తు అట్లనే నిలిచింది. బండి కడిగినప్పుడల్లా అక్కడ మెల్లగా తుడిచేవాడిని. నీకు చెప్పలేదు. చెప్పుకునే ముచ్చటా అది?

“కాకా, గీ చెయ్యి కింద తుప్పు తిన్నది. ఉంచితే కొత్త రంగును గూడ తింటది. రేకు కోసెయ్యనా?” అన్నాడు మల్లేష్.

“ఆగు” అన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు. తుప్పు ఉంటే నువ్వు ఎక్కవు. చెయ్యి తీస్తే అది మన బండే కాదనిపిస్తుంది. నిన్ను పొమ్మన్న బస్సులోనే రోజూ షెడ్డుకు పోయి దాని ముందర కూర్చుంటున్నాను. “ఏం కాకా, బండికి జాతకం చెప్తున్నవా?” అని నవ్వుతున్నాడు.

ఉంచాలా, తీయాలా? నువ్వే చెప్పు.

గోపయ్య

*

మల్లిక నాయినకు,

చెప్పేది నేను, రాసేది మన మనవరాలు మనస్విని.

ఆ చెయ్యి నాది కాదు. ఆ దసరాకు నేను మల్లికను కనేందుకు మా అమ్మగారింటికి పోయి ఉన్నాను, అది కూడా మరిచినావు. అద్దింది మా అత్తమ్మ, మీ అమ్మ బక్కమ్మ. ఇన్నేండ్లు ఎవరి చెయ్యి తుడిచినావో చూసుకో.

నేను ఎక్కనన్నది తుప్పుకు కాదు. లగ్గమైన నాటి నుంచి ముందు సీటు నీ సోపతిగాళ్లది. నాది వెనుక, అంగడికి పోయే గొర్రెపిల్లలతో. ఏనాడైనా గొర్రె వాసన లేని చీరతో దిగినానా? ఆ రోజు కూడా అందరి ముందర “ఎన్క ఎక్కు” అన్నావు. ఎంత రంగేస్తే ఏం?

బీపీ గోళీ మరువకు.

గుర్వమ్మ

*

గుర్వమ్మకు,

మళ్లీ పోయి చూసినాను. చిటికెన వేలు వంకర ఉంది. అమ్మదే. నీదనుకొని తుడిచింది నీకు చెందుతుందా, అమ్మకు చెందుతుందా? ఎంత ఆలోచించినా తెగలేదు.

రేకు కోయించినాను. ఆ ముక్కను ఇంట్లో అమ్మ ఫోటో కింద పెట్టినాను. కొత్త రేకు అతికినాక బండి మొత్తానికి రంగు పడింది. డిక్కీకి ఆఖరి కోటు మాత్రం ఆపించినాను.

“ఏస్తే ఆరేదాక ఎవ్వలు ముట్టొద్దు కాకా.”

“ముట్టేటామె రానీ, అప్పుడెయ్యి.”

ముందు సీటు తుడిచి పెట్టినాను. సోపతిగాళ్లకు చెప్పినాను. గొర్రెపిల్లలను బస్సెక్కిస్తాను.

పసుపు నువ్వే తెచ్చుకో. ఇంట్లో ఎక్కడ పెట్టినావో నాకు దొరకలేదు.

గోపయ్య