మోకాలి లోతు దీవి

1965 మార్చి 7, ఆదివారం. వెంకటాచలం

నాకు ముప్ఫై నిండాయి. జాతకంలోని నీటిగండం ఇవాళ్టితో సరి. అమ్మ సేమ్యా పాయసం చేసింది. నాన్న కసుమూరు దర్గాలో ఫాతెహా చదివించి వచ్చాడు. ఆయన పేరే హజరత్తయ్య, ఆ దర్గా మొక్కుతో పుట్టినవాడు.

కావలి కాలేజీలో జువాలజీ చెబుతాను. చేప మొప్పల గురించి గంటసేపు ఆపకుండా మాట్లాడగలను. సముద్రంలో మాత్రం ఇంతవరకు పాదం పెట్టలేదు, పెట్టనివ్వలేదు. నాకు తెలిసిన చేపలన్నీ ఫార్మలిన్ సీసాల్లోవే. సిగ్గుగా ఉంది.

మార్చి 19. కావలి

నా రూమ్మేట్ ఎలిశబెతు మా కాలేజీలోనే బోటనీ లెక్చరర్. వేసవి సెలవుల్లో డైవింగ్‌కి రమ్మంటోంది. వాళ్ళన్న హెబ్రోను నేవీలో డైవర్. వీపుకి గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ కింద తిరగడం అతనే నేర్పిస్తాడట. మద్రాసు దాటి చాలా దూరం, మండపం అనే ఊరి దగ్గర సముద్రంలో చిన్న దీవి ఉందట, గెస్ట్ హౌస్ ఉందట, నీళ్ళడుగున పగడాలు కనిపిస్తాయట. తెగ ఊరిస్తోంది. సరేనన్నాను.

మార్చి 28. వెంకటాచలం

నాన్న ఒప్పుకోలేదు. మొన్న డిసెంబరు తుఫానులో ఆ మండపం కాడి సముద్రం రైలునే మింగేసినాది గదమ్మా, నిన్ను వొదిలిపెడతాదా అన్నాడు. గండం తీరిపోయిందిగా అన్నాను. లెక్కల్లో తేడాలుంటాయి, ఇంకో ఏడాది ఆగితే పోయేదేముండాది అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు ఆగాను. అన్నం సగంలో లేచిపోయాను.

ఏప్రిల్ 5

నాన్నకి ఉత్తరం రాయలేదు. రాయను.

ఏప్రిల్ 18. కావలి

నాన్న చెప్పాపెట్టకుండా రూముకి వచ్చాడు. నాకోసం తనే ఒక దీవి చూసి వచ్చాడట. పులికాట్ సరస్సులో వేనాడు. అక్కడా దర్గా ఉంది, కాబట్టి హజరత్ చూసుకుంటాడు. పడుకోవడానికి షెడ్డుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎండాకాలం నీళ్ళు మోకాలి దాకానే. పడవలో కూర్చుని నాలుగు దిక్కులా గెడ వేసి చూశాడట. యాడ దిగినా మోకాలు దాటదు, నీ ఇష్టమొచ్చినట్టు డైవింగ్ చేసుకోమ్మా అన్నాడు.

ఎలిశబెతు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నాకు నవ్వు రాలేదు. నాన్న మొహం వెలిగిపోతోంది. పంట ఇంటికి చేరిన రోజున అలా ఉంటాడు.

ఏప్రిల్ 24

మండపమా, వేనాడా, ఇవాళ తేల్చెయ్ అంది ఎలిశబెతు. వేనాడు అన్నాను. నాన్న కోసమే అన్నాను.

అబద్ధం. మండపం అనుకుంటే చాలు, నా ముప్ఫై ఏళ్ళు మళ్ళీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. గండాన్ని స్టాఫ్ రూములో అందరికన్నా ఎక్కువగా ఎగతాళి చేసేదాన్ని నేనే. లోపల నమ్ముతున్నాను.

మే 9. వెంకటాచలం

అమ్మ నా పెట్టె సర్దుతూ ఒక మాట చెప్పింది. నాన్న ఒకప్పుడు గజ ఈతగాడట. పెన్నకి వరదొస్తే అవతలి గట్టు ముట్టి వచ్చేవాడట. నా జాతకం రాయించిన రోజు నుంచి నీళ్ళలో దిగలేదట. తను ఈదడం చూస్తే బిడ్డకీ దిగాలనిపిస్తుందని.

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నాన్న మీద మళ్ళీ కోపం వచ్చింది, ఇది వేరే కోపం.

మే 12. వేనాడు

అన్నాచెల్లెళ్ళు మండపం వెళ్తూ నాకోసం దారిలో ఇక్కడ దిగారు. హెబ్రోను సిలిండర్ కూడా మోసుకొచ్చాడు. మోకాలి లోతులో అది వీపుకి, అద్దం మాస్క్ మొహానికి కట్టుకుని బోర్లా పడుకున్నాను, గేదెలాగా. పడవల్లో వాళ్ళు వల లాగడం మానేసి నన్నే చూశారు.

ముఖం ముంచగానే నోట్లోని గాలి గొట్టం ఉమ్మేశాను. లేచి, అందరి ముందూ ఏడ్చాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ అంతే. ఒడ్డు మీంచి నాన్న, చాల్లేమ్మా, వచ్చెయ్ అంటున్నాడు. ఆయన మాట వినబడనట్టు ఇంకోసారి పడుకున్నాను. ఈసారి కళ్ళు తెరిచాను. పచ్చటి మసక. చేప లేదు, పగడం లేదు. నా ఊపిరి చప్పుడు ఒక్కటే.

కాసేపటికి అద్దం ముందుకి రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. పగిలిన మడమలు, చీలిన బొటనవేలి గోరు. పంచె అంచు నీళ్ళలో తేలుతోంది.

నాన్న దిగాడు. ఆ పాదాల చుట్టూ పాకుతూ చాలాసేపు తిరిగాను.

మే 14. సూళ్ళూరుపేట స్టేషన్

మద్రాసు బండి కోసం కూర్చున్నాం, నాన్నతో కలిపి నలుగురం. అక్కణ్ణుంచి మండపం. నాన్న హెబ్రోనుని లోతెంతుంటుందని అడుగుతున్నాడు. తనూ పెట్టుకుని చూస్తానని మాస్క్ నిన్న తీసుకున్నాడు, ఇంకా నాకివ్వలేదు.