రద్దు అని రాయి

జెట్టీ, పెనాంగ్

ప్రియమైన లెంగ్‌కి,

అమ్మ రాసేది. నువ్వు ఫోన్ చేస్తూనే ఉన్నావు, నేను ఎత్తడం లేదు. ఒంట్లో బాగానే ఉంది. కోపం కూడా బాగానే ఉంది.

పోయిన వారం మీ ఆఫీసు నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, మీ ఓడ రావట్లేదు, ప్రయాణం రద్దయిపోయింది" అని చెప్పింది. "మరి మా డబ్బు?" అన్నాను. "ఉత్తరం వస్తుందాంటీ" అంది. ఉత్తరం వచ్చింది. అందులో రద్దు అన్న మాటే లేదు. ప్రయాణం "పునర్నిర్ణీత తేదీకి మార్చబడినది" అట. ఆ తేదీ ఎప్పుడో లేదు. డబ్బుకు బదులు మనిషికో వోచరు పెట్టారు. కింద సంతకం చూశాను. లిమ్ పెక్ లెంగ్, వినియోగదారుల విభాగం. నేను పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించిన చెయ్యి అది.

జెట్టీ మీద, నీళ్లలో పాతిన గుంజల మీద కట్టిన మన వరస ఇళ్లలో పదకొండు మంది ఆడవాళ్లం. చెక్కల సందుల్లోంచి సముద్రం చూస్తూనే వంటలు చేశాం, పిల్లల్ని పెంచాం. ఒక్కరం కూడా పెద్ద ఓడ ఎక్కలేదు. రెండేళ్లు చీటీ కట్టి, ఆ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టారు. "మన లెంగ్ ఉన్న కంపెనీ అయితే భయం లేదు" అని నీ పేరు చూసే ఇచ్చారు. స్వీ లాన్ పిన్ని ఓడ కోసం వెడల్పాటి టోపీ కొనుక్కుంది. ఇప్పుడు అది పెట్టుకునే రొయ్యలు ఎండబెడుతోంది. ఎనభై దాటిన గేక్ అత్తమ్మ వోచరును అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి ఏడాది గడువుందట. మరి నాకెంత ఉందో కూడా రాశారేంటే?" అని అడిగింది. వాళ్లు డబ్బిచ్చింది కంపెనీకి కాదు, నాకు. పొద్దున లేస్తే వాళ్ల ముఖాలు చూడాల్సిందీ నేనే.

కాబట్టి ఇక నుంచి రెండు రకాల ఉత్తరాలు రాస్తాను. ఒకటి నా కూతురికి, నువ్వుండే ఇంటికి. ఇంకోటి కంపెనీకి, ఆఫీసుకి. రెండూ నువ్వే చదువుతావు. అయినా రెండింటినీ కలిపెయ్యకు. డబ్బు చేతికొచ్చేదాకా ఫోన్ మాత్రం ఎత్తను. ఫోన్లో అన్న మాట కాగితం మీదికి రాదని నాకు నేర్పింది మీ కంపెనీయే.

బూన్ తేక్ ఎలా ఉన్నాడు? మీ పెళ్లి కొత్త సంవత్సరం తర్వాతకి వాయిదా పడిందన్నావు, తేదీ మాత్రం చెప్పవు. పెళ్లి కబురు చెబుతూ పంచడానికి మగపెళ్లివాళ్లు పంపే కేకులు మనవాళ్లకి ఎన్ని పెట్టెలు కావాలో కొట్టులో ముందే చెప్పాలి కదా. లేకపోతే ఆఖర్లో కొట్టాయన చేతులెత్తేస్తాడు. వేళకి తిను.

నీ అమ్మ,
గైక్ సిమ్

*

జెట్టీ, పెనాంగ్

ప్రియమైన మూడు తెరచాపల నౌకా విహార సంస్థకు,

ప్రియమైన అని రాసింది మర్యాద కోసం. అంతకుమించి ఏమీ అనుకోవద్దు.

నాది ఒకటే ప్రశ్న. ఓడ వస్తుందా, రాదా? వస్తే ఏ రోజు వస్తుందో రాయండి, పెట్టెలు సర్దుకునే ఉన్నాం. రాకపోతే "రద్దు" అని రాయండి. మీరిచ్చిన షరతుల కాగితం కళ్లద్దాలు మార్చుకుంటూ పదకొండు మందిమీ చదివాం. "సంస్థ ప్రయాణాన్ని రద్దు చేసిన పక్షంలో సొమ్ము పూర్తిగా నగదు రూపంలో తిరిగి చెల్లించబడును" అని అందులో ఉంది. ఆ మాట రాయడానికి మీకు సిరా తక్కువైతే చెప్పండి, పంపుతాం.

వోచర్లు పదకొండూ ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను.

ఇట్లు,
డబ్బు కట్టిన
ఖూ గైక్ సిమ్

*

కౌలాలంపూర్

గౌరవనీయులైన శ్రీమతి ఖూ గైక్ సిమ్ గారికి,

తమరి లేఖ అందినది. తమకు కలిగిన అసౌకర్యమునకు మిక్కిలి చింతిస్తున్నాము. తమరి ప్రయాణము అనివార్య కారణముల వలన పునర్నిర్ణయించబడినదని, నూతన తేదీ యథాసమయమున తెలియజేయబడునని ఇందుమూలముగా మనవి చేయుచున్నాము. తమరు తిప్పి పంపిన వోచర్లను తమ సౌకర్యార్థము మరల జతపరచుచున్నాము.

సదా తమ సేవలో,
లిమ్ పెక్ లెంగ్
వినియోగదారుల విభాగం

*

కౌలాలంపూర్

ప్రియమైన అమ్మకు,

ఆఫీసు నుంచి నీకు ఇంకో ఉత్తరం వచ్చి ఉంటుంది. అది చదివి నన్ను తిట్టుకునే ఉంటావు. అది రాసింది నేనే అయినా, అందులో నా మాట ఒక్కటీ లేదు.

మా మేనేజరు ఛియా గారు గోడకి ఒక కాగితం అంటించారు. "మార్పు", "వాయిదా", "పునర్నిర్ణయం" అని రాయొచ్చు. నువ్వడిగే మాట మాత్రం రాయకూడదు. అది ఒక్కసారి కాగితం మీదికొస్తే, ఆ ఓడలో చోటు కొన్న ప్రతి ఒక్కరికీ డబ్బు వెనక్కివ్వాలి. అసలు ఆ ఓడను ఇంకో దేశం వాళ్లకి అమ్మేశారమ్మా. ఆఫీసులో టీ ఇచ్చే ఆవిడకి కూడా తెలుసు. అయినా రోజంతా కూర్చుని, లేని ఓడకి లేని తేదీ గురించి ఉత్తరాలు రాస్తున్నాం.

నీ మీద ఒట్టు, నాకూ ఒళ్లు మండుతోంది. కానీ ఆ మాట రాస్తే ఆ సాయంత్రమే నన్ను పంపించేస్తారు. ఈ ఊళ్లో అద్దె సంగతి నీకు తెలుసు కదా. ఒక పని చేద్దాం. వోచర్లు నీ దగ్గరే ఉంచు. నేను జీతంలోంచి నెలనెలా కొంత పంపిస్తాను, కంపెనీ ఇచ్చిందని చెప్పి వాళ్లందరికీ సర్దెయ్యి. ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

పెళ్లి ఇంకా వాయిదాలోనే ఉంది. ఆ మాట ఇప్పుడొద్దు. కేకుల కొట్టుకి తొందరపడి వెళ్లకు.

నీ కూతురు,
లెంగ్

*

జెట్టీ, పెనాంగ్

ప్రియమైన లెంగ్‌కి,

నీ జీతం నాకొద్దు. నాకు బాకీ పడింది కంపెనీ, నువ్వు కాదు. నీ డబ్బు తెచ్చి కంపెనీ డబ్బని పంచితే, రేపు గేక్ అత్తమ్మ ఆ కంపెనీని మెచ్చుకుంటుంది. అది నేను చెవులారా వినాలా?

నిన్న మేం ఓడెక్కాల్సిన రోజు. పొద్దున్నే స్వీ లాన్ పిన్ని మంచి గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని, పెట్టె లాక్కుంటూ మన గుమ్మంలోకి వచ్చింది. "ఎక్కడికే?" అన్నాను. "ఓడ రాదని ఎవరూ రాసివ్వలేదుగా అక్కా. వస్తే? మనం లేకుండా పోదూ?" అంది. ఎగతాళికి అన్నదే. అరగంటలో పదకొండు మందీ తయారై, పెట్టెలతో జెట్టీ చివరికి చేరాం. చాపలు పరిచాం. గేక్ అత్తమ్మని కెప్టెన్ని చేశాం, నీ చిన్నప్పటి ఈలొకటి ఆవిడ మెడలో వేశాం. మధ్యాహ్నం పీతల కూర, కూరగాయలు పెట్టి చుట్టిన పొపియా రొట్టెలు, కొబ్బరి పాలల్లో చిలగడదుంపలు. భోజనాలయ్యాక డాన్సు కూడా చేశాం. చెక్కలు ఊగుతుంటే స్వీ లాన్ పిన్ని "తుఫానొచ్చింది, కెప్టెన్‌ని లేపండే!" అని అరిచింది. ఎంత నవ్వామంటే, గేక్ అత్తమ్మకి ఎక్కిళ్లు వచ్చి నోట్లో ఉన్న ఈల దానంతట అదే మోగింది.

మగవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు. ఒక్కరూ దగ్గరికి రావడానికి సాహసించలేదు.

ఆ గోలకి ఒక పత్రికాయన కెమెరా వేసుకుని వచ్చాడు. "ఏ కంపెనీ ఆంటీ? పేరు చెప్పండి, రేపే వేస్తాను" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. చెబితే వారంలో డబ్బొస్తుందని నాకు తెలుసు. పేపరు చూడగానే మీ ఛియా గారు ముందు ఎవరి బల్ల దగ్గరికి వస్తాడో కూడా తెలుసు. "మాకు కంపెనీతో పనేముంది నాయనా, పుట్టినరోజు చేసుకుంటున్నాం" అన్నాను. అతను గేక్ అత్తమ్మ ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. స్వీ లాన్ పిన్ని టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. బతుకులో మొదటిసారి, నోరు తెరవాల్సిన చోట మూసుకున్నాను.

ఇంకో సంగతి. వద్దన్నావు కానీ కేకుల కొట్టుకి వెళ్లాను. పెట్టెలు ఎక్కువ కావాలని చెప్పడానికి. ఆయన నా ముఖం చూసి ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. తర్వాత చెప్పాడు. మగపెళ్లివాళ్లు ఆ ఆర్డరు ఎప్పుడో వెనక్కి తీసేసుకున్నారట.

ఆ అబ్బాయి నిన్ను వదిలేస్తే వదిలేశాడు, వాడి ఖర్మ. నాకు బాధ దాని గురించి కాదు. లేని ఓడకి తేదీ రాసినట్టు, లేని పెళ్లిని నాకు వాయిదా వేస్తూ వచ్చావు. ఈ విద్య మీ కంపెనీ నీకు నేర్పిందా, నువ్వే కంపెనీకి నేర్పావా?

నీ అమ్మ,
గైక్ సిమ్

*

కౌలాలంపూర్

గౌరవనీయులైన శ్రీమతి ఖూ గైక్ సిమ్ గారికి,

మీ ప్రయాణం రద్దయింది.

దాన్ని మార్చలేదు, వాయిదా వేయలేదు. ఆ ఓడ ఇప్పుడు మా సంస్థది కాదు, ఇక రాదు. షరతుల ప్రకారం మీరు కట్టిన సొమ్ము పూర్తిగా, నగదు రూపంలో మీకు రావాలి. ఈ ఉత్తరాన్ని దాచుకోండి. ఎవరైనా కాదంటే చూపించండి.

లిమ్ పెక్ లెంగ్
వినియోగదారుల విభాగం

*

కౌలాలంపూర్

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం ఆఫీసు క్యాంటీన్లో చదివాను. పత్రికాయన ముందు నువ్వు నోరు మూసుకున్నావని చదివాక ముద్ద దిగలేదు. ప్లేటు అలాగే వదిలేసి పైకి వెళ్లి, నీకు వచ్చిన ఆ ఉత్తరం రాశాను. నీ ఒక్కదానికే కాదు. ఆ ఓడలో చోటు కొన్న ప్రతి ఒక్కరికీ, మా సంస్థ ముద్ర ఉన్న కాగితం మీద, నా సంతకంతో. ఛియా గారికి తెలిసేసరికి తపాలా బండి వెళ్లిపోయింది.

"ఎవర్నడిగి రాశావ్?" అన్నాడు.

"ఓడ ఏదని వాళ్లడిగారు సార్. లేదని రాశాను."

"ఒక్క మాటకి ఉద్యోగం పోతుందని తెలీదా నీకు?"

"తెలుసు సార్. అందుకే తప్పుల్లేకుండా రెండుసార్లు సరిచూసుకున్నాను."

నన్ను ఆ సాయంత్రమే పొమ్మన్నారు. కానీ ఆ కాగితాలు వెనక్కి రావు కదా. పెద్దాఫీసు వాళ్లు లాయర్లతో కూర్చుని, కోర్టుకెళ్లి పరువు పోగొట్టుకోవడం కంటే కట్టడమే మేలనుకున్నారట. టీ ఇచ్చే ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. అందరికీ చెక్కులు రాస్తున్నారు.

ఇప్పుడు రెండో సంగతి. అదీ దాని పేరుతోనే చెబుతాను. పెళ్లి రద్దు. కానీ నువ్వనుకున్నట్టు అతను నన్ను వదిలెయ్యలేదమ్మా. రద్దు చేసింది నేను.

ముహూర్తం మాట్లాడ్డానికి పిలిచి, బూన్ తేక్ వాళ్లమ్మ ఏమందో తెలుసా? "పెళ్లిలో పెద్దవాళ్లకి టీ ఇచ్చే తంతు ఆ జెట్టీ మీద వద్దమ్మాయ్. మా చుట్టాలు చెక్కల సందుల్లోంచి బురద చూస్తూ టీ తాగాలా? హోటల్లో పెడదాం. మీ అమ్మని మాత్రం ఆ ఒక్క పూటా జెట్టీ ఊసెత్తకుండా నోరు మూసుకుని కూర్చోమను." అతను నేల చూస్తూ, "ఒక్క పూటే కదా లెంగ్, సర్దుకుపో" అన్నాడు.

"మా అమ్మ నోరు ఎవరి కోసమూ మూయించను" అని లేచి వచ్చేశాను. నీకు చెబితే కారణం అడుగుతావు. ఆ మాటలు నీ చెవిన పడకూడదని వాయిదా, వాయిదా అంటూ వచ్చాను. అక్కడ అంత మాట అని వచ్చిన నేను, నా ఉద్యోగం కోసం నువ్వు నోరు మూసుకుంటే ఎలా ఊరుకుంటాను?

నాకు పెళ్లి లేదు, ఉద్యోగం లేదు, వచ్చే నెలకి ఈ గది కూడా ఉండదు. అయినా చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

నీ కూతురు,
లెంగ్

*

జెట్టీ, పెనాంగ్

నా బంగారు లెంగ్‌కి,

చెక్కు వచ్చింది. ఎవరి డబ్బు వాళ్ల చేతిలో పెట్టాను. గేక్ అత్తమ్మ అది జాకెట్లో దోపుకుని, ఈల మాత్రం తిరిగి ఇవ్వనంది.

బురద సంగతి బూన్ తేక్ వాళ్లమ్మకి ఎవరైనా చెప్పాలి. పోటు తగ్గినప్పుడే ఇక్కడ బురద కనిపిస్తుంది. పోటెక్కితే ఇల్లంతా సముద్రం మీదే ఉంటుంది. ఆవిడ ఏ వేళప్పుడు వచ్చి చూసిందో మరి. వాళ్లింటికెళ్లి నాలుగు కడిగేసి వస్తానని స్వీ లాన్ పిన్ని టోపీ పెట్టుకుని మరీ బయల్దేరింది. ఆపాను. అంత దూరం వెళ్లడానికి వాళ్లు మనకేమవుతారు?

నాకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చాను కూడా. నా కోసం నువ్వు పోగొట్టుకున్నవి తలుచుకుంటే రావా కన్నీళ్లు? తర్వాత ముఖం కడుక్కుని, నా వాటా డబ్బు తీసుకుని తిన్నగా కేకుల కొట్టుకి వెళ్లాను. వాళ్లు వెనక్కి తీసుకున్న ఆర్డరే మళ్లీ ఇచ్చాను. అవే పెళ్లి కేకులు, అవే ఎర్ర పెట్టెలు.

"పెట్టె మీద జంట సంతోషాల గుర్తు వెయ్యాలా ఆంటీ? అది పెళ్లికి వేసేది కదా" అని నసిగాడు.

"వెయ్యవయ్యా" అన్నాను. "సంతోషాలు రెండున్నాయి మాకు."

జెట్టీ మొదటి ఇంటి నుంచి చివరి ఇంటిదాకా నేనే పంచాను. ప్రతి గుమ్మంలోనూ, "లెంగ్‌కి ముహూర్తం పెట్టేశారా? ఏంటి శుభవార్త?" అని అడిగారు. నేను ఎంత గట్టిగా చెప్పానంటే, అవతలి రేవులో ఫెర్రీ ఎక్కేవాళ్లకి కూడా వినపడి ఉంటుంది.

"ఓడా రద్దు, పెళ్లీ రద్దు. రెండూ మా అమ్మాయే రాసింది. కేకు తినండి."

నీ పెట్టె దాచి ఉంచాను. గది ఖాళీ చేసి ఇంటికి రా. బయల్దేరే ముందు ఫోన్ చెయ్యి, ఎత్తుతాను.

నీ అమ్మ,
గైక్ సిమ్