జారుడుబల్ల రిసార్టు

జూన్ 8, ఆదివారం

చర్చి నుంచి రాగానే సెలవుల సంగతి తేల్చేశాను. సరస్సు మధ్యనున్న సమోసిర్ దీవికే. సరస్సు ఒడ్డున మూడు రోజులు. పిల్లలిద్దరూ, మామగారూ, నేనూ. మా ఆయన పర్లిన్‌కి ఎస్టేట్‌లో లీవు దొరకలేదు. ఎప్పుడు దొరికింది గనక.

నాకు కావలసింది ఒక్కటే, లోతు లేని ఒడ్డు. తోగర్‌కి ఐదేళ్ళు. నీళ్ళు కనబడితే వాడికి అమ్మా గుర్తుండదు, అయ్యా గుర్తుండడు. పోయినేడు మా అక్క వాళ్ళింట్లో చేపల తొట్టిలోకి చెప్పులతో సహా దిగాడు. ఈత రాదు.

జూన్ 10

ఫోన్‌లో వెతికి వెతికి కళ్ళు కాయలు కాశాయి. రెండు మిగిలాయి. ఒకటి కొత్త రిసార్టు. పూల్, దానికి ఎర్రటి జారుడుబల్ల, కింద సరస్సు ఒడ్డున ఇసుక. రెండోది పాత గెస్ట్‌హౌస్. పూల్ లేదు. ఫోటోలో ఎవరో ఆడవాళ్ళు బట్టలుతుకుతున్నారు. అలాంటి ఫోటో ఎవరైనా పెట్టుకుంటారా?

ఎనిమిదేళ్ళ ఉలీ జారుడుబల్ల చూసిన దగ్గర్నుంచి నా కొంగు వదలడం లేదు.

జూన్ 11, సాయంత్రం

మామగారు పుట్టింది ఆ దీవిలోనే. అడిగితే పోయేదేముంది? కానీ అడగడమే మా ఇంట్లో పెద్ద పని. మామా కోడలూ ఎదురెదురుగా మాట్లాడుకోకూడదు. మా బతాక్ తెగలో ఇప్పుడు చాలామంది పట్టించుకోరు, మా పుట్టింట్లో ఎప్పుడో వదిలేశారు. ఈయన వదల్లేదు. ఆయన లెక్కలో అది నాకిచ్చే మర్యాద. తొమ్మిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం, నేరుగా ఒక్క మాట లేదు. ఉలీ ఉంటే ఉలీ ద్వారా. ఉలీ లేకపోతే ఫ్రిజ్ ద్వారా. కాఫీలో చక్కెర తగ్గిందని చెప్పవే అంటారు ఫ్రిజ్ వంక చూసి. రేపట్నుంచి వేస్తానని చెప్పు అంటాను నేను, అదే ఫ్రిజ్‌తో.

ఫోన్ ఇచ్చి ఉలీని వరండాలోకి పంపాను, ఏది మంచిదో ఒప్పుంగ్‌ని, అదే వాళ్ళ తాతని, కనుక్కుని రమ్మని. చాలాసేపటికి వచ్చింది. జారుడుబల్లదే మంచిదన్నారట, రెండోది ఒట్టి బురదట.

బుక్ చేసేశాను. హమ్మయ్య.

జూన్ 13

మామగారు రెండు రోజులుగా ముఖం ముడుచుకుని తిరుగుతున్నారు. మీ నాన్నకి దేనికి కోపం అని పర్లిన్‌కి ఫోన్ చేశాను. మీ ఇద్దరి మధ్యా నన్ను ఇరికించకు తల్లీ, ఇక్కడ సిగ్నల్ లేదు అన్నాడు. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది.

జూన్ 24, మంగళవారం, సమోసిర్

ఫెర్రీ దిగాం. పిల్లలు రేవులోనే నూడుల్స్ తిన్నారు. రిసార్టు గేటు దగ్గర మామగారు ఒక్క నిమిషం ఆగి లోపలికి నడిచారు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కెళ్ళి నీళ్ళకెదురుగా వేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. సాయంత్రమూ లేవలేదు. చేప చల్లారిపోతోందని ఉలీతో కబురు పెట్టాను. ఆకలి లేదన్నారట.

ఒళ్ళు మండింది. ఆయన పుట్టిన చోటికే తీసుకొచ్చినా అలకేనా?

జూన్ 25, మధ్యాహ్నం 3

తడి బట్టలు కూడా మార్చుకోకుండా రాస్తున్నాను.

తోగర్ మోకాలి లోతులో ఆడుతున్నాడు. ఉలీ పూల్ దగ్గర ఉంది. టవల్‌కి అంటిన ఇసుక దులపడానికి వెనక్కి తిరిగాను. ఎంతసేపని, పది అంకెలు లెక్కపెట్టేంతసేపు. దూరంగా కుర్చీ పడిపోయిన చప్పుడు. అమ్మా, వెనక చూడు, పిల్లాడు మునిగాడు అన్న మామగారి కేక.

నన్నే. నేరుగా నన్నే.

నీళ్ళలోకి ఉరికాను. మూడడుగులు వేశానో లేదో కాలి కింద నేల లేదు. వాడి జుట్టు చేతికి దొరికింది. మామగారు నడుం లోతు నీళ్ళలో నిలబడి చేతికర్ర చాచారు. పట్టుకో అమ్మా అన్నారు. పట్టుకున్నాను. లాగారు.

తోగర్ నీళ్ళు కక్కాడు, ఏడ్చాడు. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

అదే రోజు, సాయంత్రం 6

ఉలీ వెక్కి వెక్కి ఏడుస్తూ నిజం చెప్పింది. ఆ రోజు వరండాలో ఒప్పుంగ్ అన్న మాట వేరేనట. జారుడుబల్లది వద్దు, అక్కడ మూడడుగులు వేస్తే నేల అందదు, బట్టలుతికే చోటికే పొమ్మను, ఆడవాళ్ళు బట్టలుతికే చోట పసిపిల్లలకి స్నానాలు పోస్తారు, నేల చాలా దూరం వరకు ఉంటుంది అన్నారట. అది నాకు చెప్పలేదు. పైగా ఆయన దగ్గరికెళ్ళి, అమ్మకి జారుడుబల్లదే కావాలట, మీ మాట వద్దందట అని చెప్పొచ్చింది.

అందుకా ఆ కుర్చీ. ఆయన అలిగి కూర్చోలేదు. రెండు రోజులు అన్నం మానేసి నా కొడుక్కి కాపలా కాశారు. నేనేమో తిట్టుకున్నాను. సిగ్గేస్తోంది.

ఉలీని కొట్టలేదు. ఎవర్ని కొట్టాలి? ఇద్దరు పెద్దవాళ్ళం కలిసి ఇంటి మాటలన్నీ ఎనిమిదేళ్ళ పిల్ల నెత్తిన పెట్టాం.

జూన్ 26

గెస్ట్‌హౌస్‌కి మారాం. తోగర్ నలభై అడుగులు లోపలికి నడిచాడు, నీళ్ళు మోకాలు దాటలేదు. బట్టలుతికే ఆవిడ వాడి వీపు కూడా రుద్దింది. మామగారు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.

జూన్ 30, సోమవారం, మెదాన్‌లో మా ఇల్లు

పిల్లలు లేవలేదు. వంటింట్లో ఆయనా నేనూ. కాఫీ అందుకుని ఫ్రిజ్ వైపు తిరిగారు. ఆ రోజు అలా కేకేసి పిలిచినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు అన్నారు.

మళ్ళీ అవసరమైతే తొమ్మిదేళ్ళు ఆగొద్దని చెప్పు అన్నాను, ఫ్రిజ్‌తోనే.

కప్పు వెనక మామగారు నవ్వడం చూశాను.